కొస పలచనైన జడ

సరుకు ఏదైనా సరే, చేయి మారే ముందు గ్రంధి వీరభద్రం రెండే ప్రశ్నలు అడిగేవాడు. ఎంత కావాలి, అందులో తరుగు ఎంత పోతుంది. ఏలూరులో వెంట్రుకల వ్యాపారం మొదలుపెట్టిన నాటి నుంచి ఆ రెంటికీ జవాబు తెలియకుండా ఒక్క కట్టను కూడా గోడౌను గుమ్మం దాటించలేదు. హైదరాబాదులో ఊరి చివరనున్న ఆ ప్రయోగశాలలో డాక్టర్ సుభాషిణి ఎదుట కూర్చున్నప్పుడు కూడా అలవాటుకొద్దీ అవే అడిగాడు.

"ఎంత కావాలమ్మా?"

"జడ మొత్తం."

"తరుగు ఎంత పోతుంది?"

సుభాషిణి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మొత్తం పోతుందండీ. తిరిగి ఇవ్వడానికి ఏమీ మిగలదు."

మొత్తానికి మొత్తం తరుగుగా పోయే సరుకు గురించి వీరభద్రం అంతకుముందెప్పుడూ వినలేదు.

ఆ జడ ఆయన ఒక్కగానొక్క కూతురు హైమవతిది. హైమ పోయి ఆరేళ్లయింది. జబ్బు ముందు చేతుల్లో మొదలైంది. వేళ్లు వణికాయి, తర్వాత పట్టు తప్పింది, తర్వాత కాళ్లు పోయాయి, చివరికి గుక్కెడు నీళ్లు మింగడం కూడా కష్టమై ముప్ఫై దాటకుండానే వెళ్లిపోయింది. ఏ ఆసుపత్రిలో అడిగినా నరాల జబ్బు అన్నారే గాని దానికో పేరు పెట్టినవాళ్లు లేరు. మంచం పట్టాక, దువ్వించుకోవడానికి కూర్చోలేక, తనే జడ కోయించేసుకుంది. దాన్ని తండ్రి చేతికిస్తూ, "మంచి సరుకు నాన్నా. మీ గోడౌన్లో కలిపేయకు," అని నవ్వబోయింది. పెదవులు అప్పటికే ఒక పక్కకి లాగేస్తున్నాయి. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఇప్పుడు హైమ కూతురు మేదినికి ఎనిమిదో ఏడు. అల్లుడు రైలింజను నడుపుతాడు. నెలలో సగం రోజులు పట్టాల మీదే గడుస్తాయి కాబట్టి పిల్ల అమ్మమ్మ, తాతయ్యల దగ్గరే పెరుగుతోంది. ఆ వేసవిలో మేదిని చేతిలోంచి మజ్జిగ గ్లాసు జారిపడింది. పిల్లలు గ్లాసులు పడెయ్యడం మామూలే. మర్నాడూ పడింది. మళ్లీ పడ్డప్పుడు మాత్రం అమ్మమ్మ మాణిక్యాంబ ఒలికిన మజ్జిగ వైపు చూడలేదు. పిల్ల వేళ్ల వైపు చూసింది.

అలా వెతుక్కుంటూ వెళ్తే దొరికిన మనిషి సుభాషిణి. వీళ్లు వెళ్లిన మొదటి రోజే ఆమె మేదిని మెడలోని పూసల గొలుసు అడిగి తీసుకుంది. "మన ఒంట్లో ప్రతి ప్రోటీనూ ఇలాంటి గొలుసేనండీ. పూసలు ఇరవై రకాలు. ఏ పూస తర్వాత ఏ పూస వస్తుందన్న దాన్నిబట్టే అది చేసే పని." ముడి విప్పి, చివరి పూస ఒకటి లాగి బల్ల మీద పెట్టింది. "ఎర్రది." ఇంకొకటి లాగింది. "పచ్చది. మా యంత్రం చేసేది ఇంతే. చివరి నుంచి ఒక్కో పూసే తెంపుతూ, అదేమిటో చెబుతూ పోతుంది. తెంపిన పూస మళ్లీ గొలుసెక్కదు. చదవడం అయ్యేసరికి గొలుసు ఉండదు."

"నా గొలుసు పాడుచేశారు," అంది మేదిని. "మీరే మళ్లీ గుచ్చివ్వాలి."

సుభాషిణి నవ్వి, మాట్లాడుతూనే ఆ పూసలన్నీ గుచ్చింది. గుచ్చడం ఆ పిల్ల వల్ల కాదని ఆమెకి తెలుసు.

మేదిని రక్తం పరీక్షిస్తే, ఏ పూస తర్వాత ఏ పూసో చెప్పే జన్యువుల రాత అంతా సరిగ్గానే ఉంది. ఆ రాత చూసి గొలుసు కూర్చే చోట, వయసుతో పాటు, ఎక్కడో ఒక పూస బదులు ఇంకోటి పడుతోంది. ఏ పూసో తెలిస్తే ఆ చోటునే పట్టుకునే మందు చెయ్యవచ్చు. తెలియకపోతే ఏ మందూ పని చెయ్యదు. పిల్లలో ఇంకా వెయ్యి గొలుసులకి ఒకటి తప్పుతోంది. అది యంత్రానికి ఆనదు. ఆనేంతగా ముదిరేదాకా ఆగితే మందు ఇచ్చి ప్రయోజనం ఉండదు. ఆ తప్పు పూర్తిగా ముదిరిన మనిషి ఆ ఇంట్లో ఒకతే. ఆమె లేదు. అయితే రక్తంలో తిరిగే ఆ ప్రోటీను, వెంట్రుక పెరిగేటప్పుడు అందులో చిక్కుకుపోతుందని కనిపెట్టింది సుభాషిణే. రక్తం ఎప్పటికప్పుడు మారిపోతుంది. వెంట్రుక మారదు. ఏ నెల పెరిగిన ముక్క ఆ నెల సంగతి దాచుకుంటుంది. కాకపోతే చాలా కొంచెం దాచుకుంటుంది. అందుకే జడ మొత్తం కావలసి వచ్చింది.

ఏలూరు తిరిగొచ్చాక వీరభద్రం ఈ సంగతంతా భార్యకి రెండు ముక్కల్లో చెప్పాడు. మాణిక్యాంబ దోసకాయ తరుగుతూ వింది. హైమ జడ ఆమె పెట్టెలో తెల్ల గుడ్డలో ఉంటుంది. ప్రతి శుక్రవారం తీసి, విప్పి, కొబ్బరినూనె రాసి, పాయలు కలవకుండా దువ్వి, మళ్లీ అల్లి పెడుతుంది. ఆ పని జరుగుతున్నంతసేపు ఇంట్లో ఎవరూ ఆమెని పిలవరు.

ఆ రోజు ఆమె దోసకాయ కూర చేసి పెట్టింది. మర్నాడు పొద్దున్న, శుక్రవారం కాకపోయినా జడ విప్పింది. మూడు పాయలూ విడదీసి, మొదళ్ల దగ్గర దారం గట్టిగా చుట్టి, రెండింటిని తన పాత చీర ముక్కలో మడిచి భర్త ముందు పెట్టింది.

"రెండు పాయలు తీసుకెళ్లండి. మూడోది నాది."

ఎదుటి మనిషి ఎక్కడ దిగుతాడో, ఎక్కడ దిగడో వీరభద్రానికి గొంతు వింటే తెలుస్తుంది. ఇది దిగే గొంతు కాదు. మూట అందుకున్నాడు.

పది రోజులకి సుభాషిణి రమ్మని కబురు పెట్టింది. వెళ్లేసరికి ఆమె ముఖంలో కళ లేదు. యంత్రం గదిలోకి తీసుకెళ్లి తెర చూపించింది. ఒక్కో పూస తెంపే మెట్టుకీ ఒక్కో గీత లేవాలి. కొన్ని మెట్ల దగ్గర రెండేసి, మూడేసి లేచాయి.

"మనిషికీ మనిషికీ అక్కడక్కడ ఒక పూస తేడా ఉంటుందండీ. ఒకే మనిషి వెంట్రుకలైతే గీత ఒక్కటే రావాలి. ఈ జడలో కనీసం అయిదారుగురు ఆడవాళ్లున్నారు. వాళ్లందరి మంచి గొలుసుల కింద హైమగారి తప్పు గొలుసు మునిగిపోయింది."

వీరభద్రం ముఖం ఎర్రబడింది. తన వ్యాపారంలో దానికంటే పెద్ద మాట లేదు. "ఏంటమ్మా, మా అమ్మాయి జడలో కల్తీ ఉందంటావా? ఆ జడ నా చేతులతో నేను..."

అక్కడ ఆగిపోయాడు.

ఏ ఆడదాని జడైనా మొదట్లో లావుగా ఉండి కొసకి వచ్చేసరికి పలచబడుతుంది. దేవుడిచ్చిన జడ అంతే. ఆ జడని అలాగే అమ్మితే కొనేవాడు పెదవి విరుస్తాడు. అందుకని గోడౌన్లో ఉక్కు పళ్ల దువ్వెన మీద లాగి పొట్టి వెంట్రుకలు తీసేస్తారు. వాటి చోట అదే రంగు, అదే నునుపు, అదే పొడవు ఉన్నవి వేరే కట్టల్లోంచి ఏరి నింపుతారు. అప్పుడు జడ మొదలు నుంచి కొస దాకా ఒకే లావున, కొనేవాడి కంటికి నిండుగా ఉంటుంది. దాన్ని ఆ వ్యాపారంలో ఎవరూ కల్తీ అనరు. బాగుచెయ్యడం అంటారు. హైమ జడ చేతికొచ్చిన రోజున, ఏం చెయ్యాలో తోచని ఆ తండ్రి, తనకి తెలిసిన ఒక్క మంచిపనీ చేశాడు. గోడౌనుకి తీసుకెళ్లి, ఫస్టు రకంగా కట్టమని ఇచ్చాడు.

ఆ తర్వాత నిండుగా వచ్చిన జడని చూసి మాణిక్యాంబ, జబ్బు రాకముందు ఇలాగే ఉండేది అని కళ్లు తుడుచుకుంది. వీరభద్రం అది చూసి తృప్తిపడ్డాడు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా అది తప్పని అనిపించలేదు. అసలు జ్ఞాపకమే రాలేదు. రోజూ చేసే పని ఎవరికి జ్ఞాపకం ఉంటుంది?

ఏలూరు వచ్చిన వెంటనే గోడౌనుకి పోయి తాయారుని పిలిచాడు. ఏరేవాళ్లలో ఆమె పెద్దది. ఆమె చేతులకి ఆ పని నేర్పింది వీరభద్రమే. అడగగానే ఆమెకి గుర్తొచ్చింది.

"అవునండీ బాబుగారూ, మేమే నింపాం. మీరే కదండీ ఫస్టు రకంగా కట్టమన్నారు. పాపగారి జడని కొస పలచగా వదిలేస్తామా అండీ? ఉన్న కట్టల్లోకెల్లా మంచిది ఏరి వేశాం. ఒక్కదానికీ తేడా రాకుండా చూశాం."

చాలా సంతోషంగా చెప్పింది. వీరభద్రం, కొంచెం నిర్లక్ష్యంగా చేసి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాడు.

మళ్లీ హైదరాబాదు వెళ్లి, ఇచ్చిన రెండింటిలో మిగిలిన పాయని కిటికీ దగ్గర బల్ల మీద పరుచుకుని కూర్చున్నాడు. తనే ఏరి ఇస్తానన్నాడు. కళ్లు మూసుకుని పట్టుకున్నా ఇది కొండ ప్రాంతపు వెంట్రుక, ఇది సముద్రపు గాలికి పెరిగింది, ఇది కుంకుడుకాయ రుద్దిన తల అని చెప్పగల చెయ్యి ఆయనది. ఆ చేతికోసం మద్రాసు నుంచి షావుకార్లు వచ్చేవాళ్లు. చిన్నప్పుడు హైమ తల తుడిచిన చెయ్యి కూడా అదే. ఒకటి తీశాడు. వేళ్ల మధ్య జార్చాడు. పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు. భోజనం వేళ అయింది, లేవలేదు. సాయంత్రానికి బల్ల మీద రెండు కుప్పలు తేలాయి. ఇది హైమది, ఇది కాదు.

సుభాషిణి రెండు కుప్పల్లోంచీ కొన్ని తీసి పరీక్షించింది. ఫలితం చెప్పడానికి ఆమెకి ఇబ్బందిగా ఉంది. రెండు కుప్పల్లోనూ అందరూ ఉన్నారు.

వీరభద్రం తన వేళ్ల వైపు చూసుకున్నాడు. ఊరు చెప్పగలిగిన వేళ్లు, ఒండ్రు నీళ్లో చెరువు నీళ్లో చెప్పగలిగిన వేళ్లు, కూతుర్ని చెప్పలేకపోయాయి.

తర్వాత మార్గం సుభాషిణే వెతికింది. ఒక్కో వెంట్రుకకీ కొస నుంచి వేలెడు ముక్క కత్తిరించి కరిగిస్తే, అది ఎవరిదో తెలిసిపోతుంది. హైమది అయితే మిగతా వెంట్రుక కూడా గాజు గొట్టంలోకి పోతుంది. కాకపోతే పక్కన పెడతారు. నెమ్మదిగా సాగే పని. ప్రయోగశాలలో ఉన్నవాళ్లందరూ దాని మీదే కూర్చున్నారు. వీరభద్రం ఏలూరుకీ హైదరాబాదుకీ తిరుగుతూనే ఉన్నాడు. బడి తెరిచారు. మేదిని గౌను బొత్తాలు మాణిక్యాంబే పెడుతోంది. టీచరు రాయడానికి ఇచ్చిన పని పిల్ల సగం చేసి, చెయ్యి నొప్పిగా ఉందని అబద్ధం ఆడుతోంది. నొప్పి లేదని, పెన్సిలు నిలవడం లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

ఒక మధ్యాహ్నం సుభాషిణి ఆయన్ని పిలిచి చిన్న పళ్లెంలోంచి ఒక వెంట్రుక తీసి చేతికిచ్చింది. "ఇది హైమగారిదే. ఇప్పుడే తేలింది. కరిగించే ముందు మీరు ఒకసారి చూస్తారేమోనని."

వీరభద్రం అందుకున్నాడు. చేతిపొడుగు వెంట్రుక. వెలుతురుకి పట్టి చూశాడు, వేళ్ల మధ్య జార్చాడు. యంత్రం చెప్పిన తర్వాత కూడా ఆయన వేళ్లకి అది ఏమీ చెప్పలేదు. పక్కన పెట్టినవీ ఇదీ ఒకలాగే ఉన్నాయి. కానీ ఇది హైమది. ఆమె తలలో పెరిగింది, ఆమె నిద్రపోతే దిండు మీద పరుచుకుంది.

"కావాలంటే ఇదొక్కటి ఉంచుకోండి," అంది సుభాషిణి. "ఒక్కటే కదా."

ఆయన చాలాసేపు లెక్క వేశాడు. ఒక్క వెంట్రుకతో గొట్టంలో ఎంత పెరుగుతుంది? దాదాపు ఏమీ లేదు. ఆ దాదాపు దగ్గర ఆయన లెక్క తెగలేదు. జీవితమంతా పిడికెడు తరుగుని కూడా వదలకుండా లెక్క కట్టిన మనిషి. లేచి వెళ్లి ఆ వెంట్రుకని తనే పళ్లెంలో పెట్టాడు.

రెండు పాయలూ అయిపోయాయి. యంత్రం చాలా దూరం చదివింది. అంతదాకా ఒక్క పూస కూడా తప్పలేదు. ఒక్కో పూస తెంపిన కొద్దీ గొలుసులు కొన్ని మధ్యలో జారిపోతాయి. గీతలు మెట్టుమెట్టుకీ వెలవెలబోతాయి. చివరికి తెర మీద గీతకీ మరకకీ తేడా తెలియని చోట చదవడం ఆగిపోయింది. తప్పు అక్కడి నుంచి ఇంకెంతో దూరం లేదని సుభాషిణి నమ్మకం. ఆ కొంచెం దూరం వెళ్లడానికి సరుకు లేదు.

ఏ పూస తప్పిందో తెలియలేదు గాని, ఎప్పటినుంచి తప్పుతోందో తెలిసింది. వెంట్రుకని ముక్కలుగా చూస్తే, మొదలు నుంచి జానన్నర దూరంలో ఆ ప్రోటీను ఒక్కసారిగా పెరగడం మొదలైంది. జానన్నర అంటే ఎంత కాలమో వీరభద్రానికి ఎవరూ చెప్పక్కర్లేదు. వెంట్రుక పెరుగుదల ఆయనకి నోటి లెక్క. అది హైమ పురిటికి పుట్టింటికి వచ్చిన రోజుల్లోది. ఇంట్లో తోచక గోడౌనుకి వచ్చి కూర్చునేది. దువ్వెనలు చేతిలోంచి జారవిడిచేది. ఒకరోజు కట్టిన కట్ట జారి విడిపోతే, పదిమందిలో, "చేతులా అవి, ధ్యాస ఎక్కడుంది నీకు?" అన్నాడు. హైమ తలొంచుకుని చిక్కు తీస్తూ కూర్చుంది. ఆ సాయంత్రం మామూలుగానే ఇంటికి వెళ్లారు, మామూలుగానే భోంచేశారు. ఇన్నేళ్లకి ఆ ఒక్క సాయంత్రం జడలోంచి కొలతతో సహా బయటికొచ్చింది.

మాణిక్యాంబకి అన్నీ చెప్పడానికి ఆయన మేదిని బడికి వెళ్లిన వేళ చూసుకున్నాడు. ఆమె పెరటి అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. గోడౌన్లో జడ నింపిన సంగతి చెప్పాడు. ఆమె చెయ్యి ఆగింది.

"నేను నూనె రాసింది ఎవరికండీ, అయితే?"

"హైమకీ రాశావు. ఇంకొందరికీ."

"ఎవరు వాళ్లు?"

"ఏం తెలుస్తుంది మాణిక్యం? గుళ్లలో మొక్కు ఇచ్చినవి. వేలంలో కట్టలుగా వస్తాయి."

"వాళ్ల మొక్కులు తీరాయా?"

"తీరాకేగా ఇస్తారు."

"అందరూ తీరాకే ఇవ్వరు," అంది ఆమె. "తీరాలని ముందే ఇచ్చేవాళ్లూ ఉంటారు. నేనివ్వలేదూ, హైమ మంచాన పడ్డప్పుడు?"

ఇన్నేళ్లలో ఎన్ని కట్టలు చేయి మారాయో గాని, ఒక్క జడనైనా ఇలా అడగాలని వీరభద్రానికి తోచలేదు.

మాణిక్యాంబ మళ్లీ పిక్కలు తియ్యడం మొదలుపెట్టింది. కొంచెం ఆగి, మూడో పాయ కావాలి కదూ అని తనే అడిగింది. ఆయన తలూపాడు. అందులోనూ కలిసే ఉన్నారా అంటే, ఉండే ఉంటారన్నాడు. తిరిగి ఏమైనా వస్తుందా అంది.

"మనది కానిది తిరిగొస్తుంది," అన్నాడు వీరభద్రం. "మనదైతే రాదు."

తను చేసిన బేరాలన్నింటిలోకీ ఇంత వంకర బేరం లేదనుకున్నాడు. ఆమె ముఖంలోకి చూసే ధైర్యం చాలక చింతపండు గిన్నె వైపు చూశాడు.

"అక్కడ మీకు ఒకటి చేతికిచ్చారన్నారు. హైమదేనని తేలింది. అదైనా దాచారా?"

"లేదు."

"ఎందుకని?"

"ఆ ఒక్కటి లేకే ఆగిపోయిందేమో అని తర్వాత అనుకోవాల్సి వస్తుందని."

మాణిక్యాంబ గిన్నె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లింది. పెట్టె మూత చప్పుడైంది. తిరిగి వచ్చి తెల్ల గుడ్డ మడతని ఆయన ఒళ్లో పెట్టింది. "మీరు ఉంచుకోలేదు, నేను మాత్రం ఎలా ఉంచుకుంటాను? కాకపోతే ఈసారి నేనూ వస్తాను. దాన్ని ఒంటరిగా పంపను."

ప్రయోగశాలలో ఆమె కుర్చీ వద్దని నిలబడే ఉంది. పాయ విప్పింది ఆమె. చిక్కు లేకుండా దువ్వింది కూడా ఆమే. పరీక్షకి అక్కర్లేదని తెలిసినా సుభాషిణి వద్దనలేదు. రోజుల తరబడి వెంట్రుకలు ఒక్కొక్కటే తేలుతుంటే, సుభాషిణే ఆశ్చర్యపోయింది. ఈ పాయలో దాదాపు అన్నీ హైమవే. వీరభద్రానికి మాత్రం వెంటనే అర్థమైంది. గోడౌన్లో జడ పరిచి కట్టేటప్పుడు అడుగున పడ్డ పాయ అది. కొనేవాడికి కనబడదు. కనబడని పాయని ఎవరూ పెద్దగా నింపరు. మాణిక్యాంబ ఏమీ తెలియకుండానే, సరిగ్గా కూతుర్నే తన దగ్గర ఉంచుకుంది.

ఆ మాట ఆయన ఆమెకి చెప్పలేదు. ఆమె అప్పటికే తెలుసుకుంది. పక్కన పెట్టిన వెంట్రుకల పళ్లెం ఖాళీగా ఉండటం, గొట్టంలోకి పోయే పళ్లెం నిండుతూ ఉండటం ఆమె చూస్తూనే ఉంది.

వెంట్రుకలన్నీ గొట్టంలో వేసి కరిగించే ద్రావకం పోశారు. మొదట నల్లగా ముద్దగా ఉంది. తర్వాత గోధుమరంగు తిరిగింది. మాణిక్యాంబ గాజు మీదికి వంగి చూస్తూ నిలబడింది. మధ్యాహ్నానికి నల్లటి రంగంతా అడుగున సన్నని మడ్డిలా దిగి, పైన తేటగా నిలిచింది.

"నీళ్లలాగే ఉందే," అంది.

ఈసారి యంత్రం ఆగిన చోటు దాటింది. ఇంకా ముందుకు పోయింది. గీతలు వెలవెలబోతూ ఉండగానే, ఒక మెట్టు దగ్గర లేవాల్సిన గీత లేవలేదు. దాని చోట ఇంకోటి లేచింది. సుభాషిణి రెండోసారి చూసింది. ఒకసారి కుర్చీలో వెనక్కి వాలి, మళ్లీ చూసింది. లూసిన్ అనే పూస ఉండాల్సిన చోట ఫినైల్ అలనిన్ ఉంది. అంతే. మిగిలిన గొలుసంతా సరిగ్గానే ఉంది.

"ఒక్క పూసేనా?" అంది మాణిక్యాంబ.

"ఒక్కటేనండీ."

"ఎంత ఉంటుంది అది?"

"చాలా చిన్నదండీ. కంటికి ఆనదు."

మాణిక్యాంబ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. కంటికి ఆనని దానికోసం అంత పెద్ద పిల్ల పోయిందా అన్న మాట ఆమె పైకి అనలేదు. వీరభద్రం వెళ్లి పక్కనే నేల మీద కూర్చున్నాడు.

మందు తయారై చేతికొచ్చేసరికి చలికాలం వచ్చింది. వారం వారం సూది. మేదిని మొదట ఏడ్చింది, తర్వాత సూదికి ఒక జీడిపప్పు పాకం ఉండ చొప్పున తాతయ్యతో బేరం కుదుర్చుకుంది. మనవరాలు తనకంటే గట్టిగా బేరమాడిందని వీరభద్రం గోడౌన్లో చెప్పుకుని నవ్వాడు. మాఘమాసానికి కుడిచేతి వణుకు ఆగింది. పెన్సిలు నిలిచింది. ఎడమచేతి చివరి రెండు వేళ్లు మాత్రం వంగిపోయి అలాగే ఉండిపోయాయి. సుభాషిణి ఆ వేళ్లని చాలాసేపు పట్టుకుని చూసింది. జబ్బుని ఆపగలిగాను గాని పోయినదాన్ని వెనక్కి తేలేను, క్షమించండి అంది. జడలో ఎవరెవరున్నారో తేల్చడానికి పట్టిన ఆ నెలలు లేకపోతే ఆ రెండు వేళ్లు మిగిలేవా అని వీరభద్రం అడగలేదు. ఆమె చెప్పలేదు. ఇద్దరూ ఆ లెక్క వేసే ఉన్నారు.

వచ్చేటప్పుడు సుభాషిణి ఒక కాగితం పొట్లం ఇచ్చింది. పక్కన పెట్టిన వెంట్రుకలు. "ఇవి హైమగారివి కావు. ఒక్కోటీ చూశాం. అయినా పారెయ్యడానికి మాకు చేతులు రాలేదు."

ఆయన ఆ పొట్లాన్ని ఇంటికి తెచ్చి, ఏం చెయ్యాలో తెలియక పెట్టె మీద పెట్టాడు. మాణిక్యాంబ విప్పింది. శుక్రవారం. కొబ్బరినూనె గిన్నె తెచ్చుకుంది.

"హైమవి కావు," అన్నాడు.

"తెలుసు. ఆరేళ్లు నేను దువ్వినవే కదా."

బడి వార్షికోత్సవానికి మేదిని నాట్యం చెయ్యాలంది. వంగిన వేళ్లు కనబడకుండా టీచరు ఆమె చేతికి కలువ పువ్వు ఇచ్చింది. జడ కావాలి. మందు పనిచేస్తోందో లేదో చూసే పరీక్షల కోసం కత్తిరించి కత్తిరించి పిల్ల జుట్టు మెడ దాటడం లేదు. మాణిక్యాంబ ఆ పొట్లం భర్త చేతికిచ్చి సవరం కట్టించుకు రమ్మంది. గోడౌన్లో తాయారు దాన్ని అందుకుని, పరీక్షకి కోసినవి పొట్టీ పొడుగూ అయి కొస పలచగా వస్తోంది, మంచి కట్టలోంచి నాలుగు వేసి నింపనా అని అడిగింది.

"వద్దు," అన్నాడు వీరభద్రం. "ఉన్నది ఉన్నట్టు కట్టు."

తాయారు ఆయన వైపు వింతగా చూసింది. పాతికేళ్లలో ఆయన నోట ఆ మాట వినలేదు.

ఉత్సవం రోజు మధ్యాహ్నం అమ్మమ్మ ముందు మేదిని బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మాణిక్యాంబ పిల్ల జుట్టుకి సవరం కలిపి, మూడు పాయలు చేసి అల్లుతోంది. వీరభద్రం గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇది అమ్మ జడా, అమ్మమ్మా?"

మాణిక్యాంబ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అవునంటే పిల్ల ఆ రోజంతా గెంతుతుంది.

"కాదమ్మా," అంది మాణిక్యాంబ, మళ్లీ అల్లుతూ. "అమ్మ జడకి ఇన్నాళ్లూ తోడున్నది."

అల్లడం అయ్యాక మేదిని జడని భుజం మీంచి ముందుకు లాక్కుని, బాగున్న చేత్తో కొస పట్టుకుని చూసింది.

"చివర ఇంత పలచగా ఉందేంటి తాతయ్యా?"

"అలాగే ఉంటుందమ్మా," అన్నాడు వీరభద్రం. "జడంటే అలాగే ఉంటుంది."

ఇన్నేళ్ల వ్యాపారంలో కొనేవాళ్లెవరికీ ఆయన ఆ మాట చెప్పలేదు.